తటస్థీకరణం అయ్యాక తటస్థమేనా?

– మా పాపకు ఆమ్లాలు, క్షారాల పాఠం చెబుతూ ఒక మాట దగ్గర ఇరుక్కున్నాను. ఎసిటిక్ ఆమ్లానికి సరిగ్గా సరిపడా సోడియం హైడ్రాక్సైడ్ కలిపితే ఆ చర్యను తటస్థీకరణం అంటాం. తీరా లెక్కేస్తే పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత: 7 అయితే తటస్థం, తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 7 రాదు, 8.7 వస్తుంది. మరి పేరు అబద్ధమా?

– వ్యాకరణం మీ వైపే ఉందండీ. తటం అంటే ఒడ్డు, ఏ పక్షమూ పట్టకుండా ఒడ్డున నిలబడ్డది తటస్థం. పైగా ‘తటస్థీ’లోని ఆ ‘ఈ’కారం సంస్కృతంలోని చ్వి ప్రత్యయం వల్ల వచ్చింది: అలా లేనిదాన్ని అలా చేయడం. శుద్ధీకరణంలో శుద్ధం కావాలి, ఇందులో తటస్థం కావాలి.

– పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను కాబట్టి అడుగుతున్నా: తటస్థం కావాల్సింది ఏది, ఆమ్లమా, ద్రావణమా? తిరకాసంతా అక్కడే. ఆమ్లం ఖర్చయిపోయింది, నిజమే. కానీ మిగిలిన ఎసిటేట్ ఊరుకోదు. నీటి నుంచి ప్రోటాన్ లాక్కుని హైడ్రాక్సైడ్‌ను వదులుతుంది. 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) ద్రావణాలు రెండూ సమానంగా కలిపితే ఎసిటేట్ గాఢత 0.05. దాని క్షార స్థిరాంకం, అంటే క్షారంగా దాని బలం చెప్పే అంకె, 5.6×10⁻¹⁰. గుణించి వర్గమూలం తీస్తే హైడ్రాక్సైడ్ 5.3×10⁻⁶, అంటే పీఓహెచ్ (పీహెచ్ లాంటిదే, హైడ్రాక్సైడ్‌కు కొలత) 5.28. దాన్ని 14లోంచి తీసేస్తే 8.72. అందుకే ఈ టైట్రేషన్‌కు (సరిపడా క్షారం ఎంతో కొలిచే ప్రయోగానికి) పీహెచ్ 8 దాటాక రంగు మారే ఫినాల్ఫ్తలీన్ అనే సూచిక వాడతారు. మిథైల్ ఆరెంజ్ అయితే 4.4 దాటేసరికే రంగు మార్చేసి కూర్చుంటుంది.

– ఇంకో చిక్కు. 7 అనేది 25 డిగ్రీల సెల్సియస్ దగ్గరి మాట. 60 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన నీటి పీహెచ్ సుమారు 6.5, అయినా అది తటస్థమే. ఒడ్డు కూడా జరుగుతుందన్నమాట!

– అయితే పేరు మార్చేద్దామా?

– వద్దండీ, పాఠాల్లో పాతుకుపోయింది. పిల్లలకు చెప్పేటప్పుడు మాత్రం నేను ‘చెల్లుకు చెల్లు’ అంటాను. బాకీ తీరడం వేరు, తీరాక చేతిలో ఏం మిగిలిందన్నది వేరు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్ జంటలో మిగిలే ఉప్పు నీటి జోలికి పోదు కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తాయి. ఆ ఒక్క ఉదాహరణతోనే పాఠం మొదలుపెడతాం, భ్రమ అక్కడే పుడుతుంది.

– ‘చెల్లుకు చెల్లు’ పాపకు వెంటనే ఎక్కింది మాస్టారూ. అవే గాఢతలతో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అమ్మోనియాలకు తనే లెక్కేసి పీహెచ్ 5.28 తెచ్చింది. పై లెక్కలో పీఓహెచ్‌గా వచ్చిన అంకె మళ్లీ వచ్చేసరికి ఎక్కడో తప్పు చేశానని టెన్షన్ పడి మూడుసార్లు సరిచూసుకుంది.