గ్రీన్‌లాండ్ మంచు కరిగితే దాని పక్కనే సముద్రమట్టం తగ్గుతుందా?

గ్రీన్‌లాండ్ మంచంతా కరిగితే సముద్రమట్టం సగటున 7 మీటర్లకు పైగా పెరుగుతుందని తెలుసు. నాకు చిక్కంతా ఆ ‘సగటు’ దగ్గరే వచ్చింది.

అంత మంచు తన గురుత్వాకర్షణతో చుట్టూ ఉన్న నీటిని తనవైపు లాక్కుని ఉంటుందట. మంచు తగ్గేకొద్దీ ఆ పట్టు సడలి నీళ్లు దూరంగా జరుగుతాయి. పైగా బరువు తగ్గిన నేల పైకి లేస్తుంది. అందుకే గ్రీన్‌లాండ్ తీరంలో మట్టం తగ్గి, దూరాన ఉన్న తీరాల్లో సగటు కంటే ఎక్కువ పెరుగుతుందట. మొదట చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను!

ఇంతవరకు సరే. 2002లో ప్రయోగించిన గ్రేస్ జంట ఉపగ్రహాలు సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనుక ఒకటి తిరిగేవి. కింద ద్రవ్యరాశి మారితే గురుత్వాకర్షణ మారి ఆ ఎడంలో వచ్చే సూక్ష్మమైన తేడాలను బట్టి మంచు ఎంత పోయిందో లెక్కగట్టారు. కానీ నేల లేచినప్పుడు కింద మాంటిల్ (భూమి పైపొర కింద ఉండే, చాలా నెమ్మదిగా పారే రాతి పొర) రాయి కూడా వచ్చి చేరుతుంది కదా? ఉపగ్రహానికి రాయైనా మంచైనా ద్రవ్యరాశే. మరి ఈ రెండింటినీ ఎలా విడదీస్తారు? రాతినేల మీద పెట్టే జీపీఎస్ కొలతలు సరిపోతాయా, లేక మాంటిల్ జిగట ఎంతో ఊహించి మోడల్ వెయ్యాల్సిందేనా? అంటార్కిటికాలో రాయి వాటాను తీసేసే ఈ సవరణ ఇంకా పెద్ద తలనొప్పి అంటారు, ఎందుకని?

డిగ్రీ ఫిజిక్స్ వరకు చదివాను, కాబట్టి సమీకరణాలు ఉన్నా పర్వాలేదు. ఈ రంగంలో పనిచేసేవారెవరైనా కాస్త విడమరిచి చెప్పండి, ప్లీజ్.