కాన్విక్ట్ సిక్లిడ్ చేపల్లో ఆడ, మగ ఎలా గుర్తుపట్టాలి?

ప్రశ్న: ఈ వారమే కొత్త ట్యాంక్ పెట్టి ఆరు చిన్న కాన్విక్ట్‌లను వేశాను. అన్నీ ఒకేలా ఉన్నాయి, ఏది ఆడో ఏది మగో తెలియట్లేదు. పైగా పొద్దుటి నుంచి రెండు చేపలు పైకి వచ్చి నోరు తెరిచి గుటకలు వేస్తున్నాయి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆడ, మగ సంగతి తర్వాత, ముందు నీళ్లు చూడండి. కొత్త ట్యాంక్‌లో చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపు అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఇంకా పెరిగి ఉండదు, అది కుదురుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ కనిపిస్తే వెంటనే సగం నీళ్లు మార్చండి, క్లోరిన్ పోగొట్టిన నీళ్లే పోయండి. మేత బాగా తగ్గించండి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగొద్దు, ఉన్న కాస్త బ్యాక్టీరియా కూడా పోతుంది.

మరో జవాబు: కాన్విక్ట్‌లలో తేలికే. కాస్త ఎదిగాక పక్క నుంచి పొట్ట చూడండి, నారింజ రంగులో మెరిసే పొలుసులుంటే ఆడది. మగది పెద్దగా పెరుగుతుంది, వీపు మీది రెక్క చివర మొనదేలి సాగుతుంది, వయసొచ్చాక నుదురు ఉబ్బుతుంది. ఒక జత కుదిరి గుడ్లు పెట్టాయంటే మిగతా నాలుగింటినీ తరిమి తరిమి కొడతాయి, వేరే ట్యాంక్ చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు: అమ్మోనియా 1 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఒకటి) చూపించింది, సగం నీళ్లు మార్చాను, ఇప్పుడు కిందికి దిగి తిరుగుతున్నాయి. ఒకదాని పొట్ట మీద నారింజ మెరుపు కనిపిస్తోంది!

జవాబు: అయితే అది ఆడదే. రేపు మళ్లీ టెస్ట్ చేయండి.