కేస్ ఫీడర్ 15, 20 కేసులకోసారి ఇరుక్కుంటోంది, ఎక్కడని వెతకాలి?

ప్రశ్న: గాడి_9

నాది పేల్చేసిన తూటాల ఖాళీ ఇత్తడి గుల్లల్ని (కేసుల్ని) మళ్లీ నింపి తూటాలు చేసే ఐదు స్టేషన్ల ప్రోగ్రెసివ్ ప్రెస్, పైన కేసుల్ని ఒక్కొక్కటిగా అందించే, మోటారుతో తిరిగే కేస్ ఫీడర్, చేసేది 9×19 పిస్టల్ తూటాలు. మొన్నటిదాకా ఏ ఇబ్బందీ లేదు. రెండు వారాలుగా 15, 20 కేసులు సాఫీగా వెళ్లాక ఒకటి మొదటి స్టేషన్ దగ్గర వాలిపోతోంది. పుషర్ దాన్ని షెల్ ప్లేట్ (కేసుల్ని పట్టుకుని స్టేషన్లకు తిప్పే పళ్లెం) గాడిలోకి నెట్టే చోట సగం దూరి ఆగిపోతుంది, నేను గమనించకుండా హ్యాండిల్ లాగితే సైజింగ్ డై (కేసుని నొక్కి సరైన సైజుకి తెచ్చే అచ్చు) అంచుకు తగిలి మూతి నలిగిపోతుంది. దీనికి తోడు అప్పుడప్పుడూ గొట్టంలోకి తలకిందులుగా కేసులు దిగుతున్నాయి. మోటారు స్పీడ్ తగ్గించాను, పుషర్ స్ప్రింగ్ మార్చాను, పుషర్ స్క్రూ అటో అరచుట్టు ఇటో అరచుట్టు తిప్పి చూశాను, ఇప్పుడు అసలు మొదట ఎక్కడ ఉండేదో కూడా తెలియడం లేదు. ఒక్కోసారి వరసగా 60 వెళ్తాయి, ఇక బాగైపోయింది అనుకునేలోపు మళ్లీ మొదలు. పని మీద కూర్చోవాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా అయిందా?

జవాబు: పాతచేయి

ముందు స్క్రూలు తిప్పడం ఆపండి. పౌడర్ మెజర్ (కేసులో మందు కొలిచి పోసేది) తీసేయండి, ప్రైమర్లు (మందుని అంటించే చిన్న మూతలు) మొత్తం ఖాళీ చేయండి, వట్టి కేసులతోనే పరీక్షించండి. వెతికే పనిలో ఉన్నప్పుడు ధ్యాసంతా ఇరుక్కున్న కేసు మీదే ఉంటుంది, పక్క స్టేషన్లో ఏం జరుగుతోందో ఎవరూ చూడరు.

మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు, కలిపి చూస్తే ఏదీ తేలదు. తలకిందులుగా రావడం పైన తొట్టిలో పుట్టేది, వాలిపోవడం కింద షెల్ ప్లేట్ దగ్గర పుట్టేది. కింది దానికి నేను చేసేది చెబుతాను. షెల్ ప్లేట్ మీద ఐదు గాడులకు మార్కర్‌తో 1 నుంచి 5 దాకా నంబర్లు వేయండి. కేసు వాలిన ప్రతిసారీ అది ఏ గాడో కాగితం మీద రాసుకోండి, పది పన్నెండు సార్లు అయ్యేదాకా ఏమీ ముట్టుకోకండి. అన్నీ ఒకే గాడి దగ్గరైతే తప్పు ఆ గాడిది, అక్కడ మురికో గీతో ఉంటుంది. ఏ గాడి దగ్గరైనా అవుతుంటే పుషర్‌నో, ప్లేట్ మధ్య బోల్టునో, కేసుల్నో అనుమానించాలి. బోల్టు కాస్త వదులైతే ప్లేట్ ప్రతిసారీ ఒకే చోట ఆగదు, గాడి నోరు పుషర్‌కి ఎదురుగా రాదు, కేసు రిమ్ (అడుగు అంచు) దాని అంచుకు తగిలి పైకి లేస్తుంది. చూడ్డానికి పుషర్ తప్పులాగే ఉంటుంది, అందుకే అందరూ ముందు పుషర్ మీదే పడతారు.

జవాబు: ఇత్తడి_డబ్బా

పైన తొట్టి సంగతి నేను చెబుతాను. ఎన్ని కేసులు పోస్తున్నారు? పని తగ్గుతుందని నిండుగా పోస్తే బరువుకి కేసులు ఒకదాన్నొకటి తోసుకుని, తిరిగే ప్లేట్ గుంటల్లో ఎలా పడితే అలా దూరతాయి. నేను తొట్టిలో మూడోవంతు మించనివ్వను. 9×19కి చిన్న పిస్టల్ ప్లేట్ ఉందో లేదో కూడా చూడండి, .45 లాంటి లావు కేసులకి వాడే పెద్ద ప్లేట్ పొరపాటున ఉండిపోతే గుంటల్లో కేసు అటూఇటూ తిరుగుతుంది.

ఇంకోటి, కేసులు ఏరి తెచ్చినవా? అలాగైతే .380 (9×19 కన్నా పొట్టి పిస్టల్ కేసు) కలిసి ఉంటుంది. 9×19 కేసు పొడవు 19.15 మి.మీ., .380ది 17.3, చేతిలో పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలియదు. దాని రిమ్ కూడా కొంచెం చిన్నది, అందుకే గాడిలో వదులుగా నిలబడి ఒరుగుతుంది. .22 ఖాళీ కేసు 9×19 లోపల దూరి కూర్చోవడం కూడా చాలాసార్లు చూశాను, 9×19 వెళ్లి .40లో దూరుతుంది. టంబ్లర్లో (కేసుల్ని తిప్పి శుభ్రం చేసే డబ్బా) వేయకముందే జల్లెడ పట్టాలి, వేశాక విడదీయడం కష్టం.

గొట్టం లోపల వేలు పెట్టి చూడండి. కేసులకు లూబ్ (జారుడు కోసం కొట్టేది) కొడితే అది గొట్టం గోడకి అంటుకుని, దాని మీద దుమ్ము పట్టి జిగురులా తయారవుతుంది, కేసు ఒక క్షణం ఆలస్యంగా పడుతుంది, పుషర్ మాత్రం దాని కోసం ఆగదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిస్తే చాలు. థిన్నర్ మాత్రం వద్దు, ప్లాస్టిక్ పగుళ్లు తీస్తుంది.

జవాబు: గాడి_9

థాంక్యూ అండి ఇద్దరికీ. నంబర్లు వేసి, వట్టి కేసులతో రెండు రోజులు కూర్చున్నాను. మొత్తం 12 సార్లు వాలింది, అందులో 9 మూడో గాడి దగ్గరే! ప్లేట్ విప్పి తిరగేసి, ఫోన్ లైట్ వేసి చూస్తే మూడో గాడి లోపలి మూలలో ప్రైమర్ మసి గట్టిపడి ఉంది, ఆ మసిలో గోరు చివరంత ఇత్తడి పొట్టు అతుక్కుని ఉంది. రిమ్ చివరిదాకా వెళ్లకుండా అదే ఆపుతోంది. వెదురు పుల్లతో గీకితే ఊడి వచ్చింది. ఇంత చిన్నదాని కోసం స్ప్రింగ్ మార్చాను.

తొట్టి కూడా నిండా పోస్తున్నాను, అది నా తప్పే. తగ్గించాక 300 కేసుల్లో తలకిందులుగా ఒక్కటీ రాలేదు. మిగతా 3 సార్లు వాలినవి మాత్రం వేరే వేరే గాడుల దగ్గర, వాటికి కారణం దొరకలేదు.

జవాబు: పాతచేయి

ఆ మూడు కేసులు పారేయకుండా ఉంచి ఉంటే రిమ్ చుట్టూ గోరు తిప్పి చూడండి. ఎక్స్‌ట్రాక్టర్ (తుపాకీలో ఖాళీ కేసుని బయటికి లాగే కొక్కెం) లాగిన చోట ఇత్తడి కొంచెం పైకి లేచి ఉంటుంది, కంటికి కనబడదు, గోరుకి తగులుతుంది. అలాంటివి పక్కన పెట్టేయడమే, వాటి కోసం ప్రెస్‌ని సర్దకండి. పుషర్ స్క్రూ ఇప్పుడు సర్దుకోవచ్చు: కేసు గాడి చివర ఆనేదాకా నెట్టాలి, ఆనాక ఇంకా గుద్దకూడదు.

ఇక మళ్లీ పౌడర్‌తో మొదలుపెట్టే ముందు ఒక మాట. ఇన్నాళ్లూ ఇరుక్కున్నప్పుడు ఏం చేశారో మీరు రాయలేదు. హ్యాండిల్ సగంలో ఆపి, వెనక్కి తెచ్చి, కేసు సరిచేసి మళ్లీ లాగితే, పౌడర్ స్టేషన్లో ఉన్న కేసులో రెండోసారి పౌడర్ పడవచ్చు, లేదా ఒక కేసు అసలు పౌడర్ లేకుండా ముందుకు పోవచ్చు. కొన్ని పౌడర్ల రెండు మోతాదులు 9×19లో పొంగకుండా పట్టేస్తాయి, బుల్లెట్ కూర్చున్నాక బయటికి తెలియదు. పౌడర్ లేనిదైతే ప్రైమర్ ఒక్కటే పేలి బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది, దాని వెనక ఇంకోటి పేలిస్తే బ్యారెల్ పగలవచ్చు. అందుకే నేను ఇరుక్కున్న ప్రతిసారీ ఐదు స్టేషన్ల కేసులూ తీసేస్తాను, పౌడర్ ఉన్నవి తిరిగి మెజర్‌లో పోసేస్తాను, మళ్లీ ఒకటో కేసు నుంచి మొదలుపెడతాను.

జవాబు: గాడి_9

రిమ్ సంగతి నిజమే, మూడింటిలో రెండింటికి గోరుకి తగులుతోంది. మూడోది .380, ఇన్నిసార్లు చేత్తో పట్టుకుని కూడా చూసుకోలేదు.

పౌడర్ విషయంలో మీరు అడిగింది సరైన ప్రశ్న. ఈ రెండు వారాల్లో ఇరుక్కున్నప్పుడల్లా మొదటి స్టేషన్ ఒక్కటే సరిచేసి ముందుకు పోయాను. ఆ రెండు వారాల్లో చేసినవి 400 దాకా వేరే డబ్బాలో ఉన్నాయి, ఒక్కటీ కాల్చలేదు. తూకం వేసి ఏరుదామా అనుకుంటున్నాను.

జవాబు: ఇత్తడి_డబ్బా

తూకాన్ని నమ్మకండి. రకరకాల కేసులు, బుల్లెట్ల బరువుల్లో ఉండే తేడా పౌడర్ తేడాని మింగేస్తుంది. పుల్లర్‌తో (కేసు నుంచి బుల్లెట్‌ని ఊడదీసే సాధనం) అన్నీ విప్పేయండి, 400 అయినా సరే. కళ్లద్దాలు పెట్టుకుని రోజుకి యాభై చొప్పున.

జవాబు: గాడి_9

సరే అన్నా. ఈ రాత్రికి మొదటి యాభై మొదలుపెడుతున్నాను.