కుండీల్లో తుంగ, మందారానికి పిండినల్లి: మీరైతే ముందు దేన్ని తరిమేస్తారు?

ప్రశ్న (హైదరాబాద్)

నమస్కారం అండీ. మిద్దె మీద కూరగాయలు, నాలుగు పూల మొక్కలు పెంచుతున్నాం. ఈ మధ్య ట్రాలీ ఎర్రమట్టి తెప్పించి కుండీలన్నీ నింపాం. అప్పటి నుంచి తుంగ పీకడమే పని. ఆదివారం పీకితే బుధవారానికల్లా మళ్లీ మొలుస్తోంది. ఇంకోపక్క మందారం మొగ్గలన్నీ పిండినల్లి. వేపనూనె కొట్టినా పోవట్లేదు. ఈ రెండింటికీ దారి చెప్పండి. మళ్లీ మిద్దె ఎక్కనివ్వను అని మీరు ఒట్టు పెట్టుకున్న వస్తువులేమైనా ఉంటే అవీ చెప్పండి, కొనకుండా ఉంటాను.

జవాబు (రాజమండ్రి)

తుంగ పీకితే పోదండీ, ఇంకా పెరుగుతుంది. లాగినప్పుడు ఆకు, కాస్త కాడ చేతికొస్తాయి, గడ్డ కిందే ఉండిపోతుంది. ఒక గడ్డ నుంచి సన్నటి కాడ బయల్దేరి ఇంకో గడ్డ, దాన్నుంచి మరొకటి, అలా గొలుసుకట్టుగా ఉంటాయి. పైది బతికున్నంతకాలం కిందవి చాలావరకు నిద్రలో ఉంటాయి. దాన్ని తెంపారో, అవి లేస్తాయి. ప్లాస్టిక్ షీటు కప్పినా మొన దాన్ని పొడుచుకుని బయటికి వచ్చేస్తుంది.

మీవి కుండీలు కాబట్టి నయం. పంట అయిపోయిన కుండీకి నీళ్లు ఆపి, మట్టి పొడిబారాక పట్టా మీద బోర్లించండి. ఇసుక జల్లెడతో జల్లించండి. శనగగింజంత, రేగిపండంత నల్లటి గడ్డలు, పైన పీచుతో, దొరుకుతాయి. విరిస్తే లోపల తెల్లగా ఉండి మంచి వాసన కూడా వస్తుంది. ఆయుర్వేదంలో వాడే తుంగముస్తలు ఇవే! వాసన బాగుందని కంపోస్టులో మాత్రం వేయకండి, అక్కడా మొలుస్తాయి. గచ్చు మీద పరిచి గలగలలాడేదాకా ఎండబెట్టి పారేయండి.

మొక్కలున్న కుండీలను బోర్లించలేరు కదా. అక్కడ రెండు మూడు ఆకులు రాగానే మట్టిలోకి కాస్త దిగేలా కత్తిరించండి. ఆలస్యం చేస్తే ఆ ఆకుల బలంతోనే కింద కొత్త గడ్డలు పెడుతుంది. విసుగు లేకుండా కోస్తూ పోతే గడ్డలో నిల్వ ఉన్న బలం అయిపోతుంది. తుంగకి నీడ పడదు, కాబట్టి ఖాళీ మట్టి కనబడకుండా తోటకూరో పాలకూరో ఒత్తుగా చల్లండి.

ఈసారి మట్టి తెప్పించే ముందు ఒక తట్టెడు తెచ్చి, తడిపి, రెండు వారాలు చూడండి. అందులో ఏముందో అదే మొలిచి చెబుతుంది.

జవాబు (గుంటూరు)

అక్కా, మందారం సంగతి నేను చెప్తాను. పిండినల్లి ఒంటి మీద ఆ తెల్లటి మైనం ఉన్నంతవరకు మందు దానికి తగలదు, జారిపోతుంది. అందుకే వేపనూనె రెండో పని. ముందు పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి కడగండి. బాగా పట్టిన చివర్లు కత్తిరించి కవర్లో మూట కట్టి పారేయండి, కుండీ పక్కన పడేయొద్దు. ఆ తర్వాత లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె. నూనెలో ముందు కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి, అది పాలలా తెల్లగా కలిశాక నీళ్లు పోయాలి. నూనె పైకి తేలుతోందంటే కలవలేదనే. సాయంత్రం, ఆకు అడుగున, కొమ్మల సందుల్లో పడేలా కొట్టండి. గుడ్లు దీనికి చావవు, అందుకే వారానికోసారి చొప్పున మూడు నాలుగు వారాలు ఆపకూడదు.

అన్నిటికన్నా ముందు చీమల్ని చూడండి. పిండినల్లి విసర్జించే తీపి కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, దాన్ని తినే పురుగుల్ని దగ్గరికి రానివ్వవు. కుండీని ఇటుక మీద పెట్టి, ఇటుకని నీళ్ల పళ్లెంలో ఉంచండి. కొమ్మలు గోడకి తగలకూడదు. పళ్లెంలో నీళ్లు రెండు రోజులకోసారి మార్చండి, లేకపోతే దోమలొస్తాయి.

జవాబు (విజయవాడ)

నేను ఒట్టు పెట్టుకున్నవి: చవక నల్ల కవర్లు (ఒక్క ఎండాకాలానికే పొరలు పొరలుగా చిరిగి మట్టంతా మెట్ల మీద), మెలిపడే సన్న పైపు, కడగని కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు). కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, రెండు మూడుసార్లు నీళ్లలో నానబెట్టి పిండాకే వాడాలి.

పండు ఈగ ఎర కూడా చూసి కొనండి. మామిడికి పెట్టేది మిథైల్ యూజినాల్. బీర, కాకర, సొర మీదికొచ్చే ఈగకి క్యూ లూర్ కావాలి. షాపులో ‘పండు ఈగకి’ అని అడిగితే చేతికందింది ఇచ్చేస్తారు. అదీ మగ ఈగల్నే పట్టేది, కాబట్టి పిందెకి కాగితం సంచి కట్టాల్సిందే. పుచ్చిన కాయల్ని మట్టిలో వదలొద్దు, పురుగు ఆ మట్టిలోనే కోశస్థ దశకి (ఈగగా మారే ముందు ప్యూపా దశకి) వెళ్తుంది.

గులాబీ కొన్నప్పుడు వేళ్ల చుట్టూ జిగట మట్టి ఉండ ఉంటే అలాగే నాటేయకండి. లారీ ప్రయాణంలో వేరు ఎండకుండా అలా పెడతారు, తప్పేం లేదు. కానీ కుండీలో చుట్టూ మట్టి తడిగా ఉన్నా ఆ ఉండ లోపలికి నీళ్లు దిగవు. బకెట్ నీళ్లలో నానబెట్టి, పైపైన మెల్లగా కరిగించి నాటండి.

పావురాలకి మాత్రం నా దగ్గర మందు లేదు. వల కట్టడమే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ థ్యాంక్స్ అండీ. ఇవాళ మందారం కడుగుతుంటే మిగతావాటికన్నా పెద్దది ఒకటి కనిపించింది. ఒళ్లంతా తెల్లటి పోగులు వేలాడుతున్నాయి, ముట్టుకుంటే గబగబా నడిచింది. ఇది పిండినల్లి పెద్దదా? చంపేయనా?

జవాబు (గుంటూరు)

చంపొద్దు! పిండినల్లి అంత వేగంగా నడవదు. మీరు చూసింది దాన్ని తినే అక్షింతల పురుగు పిల్ల అయ్యుంటుంది, చూడ్డానికి అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. వీటిలో క్రిప్టోలీమస్ అనేదాన్ని 1898లోనే ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెప్పించారు. పెద్దదయ్యాక నల్లటి ఒళ్లు, నారింజ రంగు తలతో ఉంటుంది. ఆ కొమ్మకి వేపనూనె ఆపేసి, చీమల పళ్లెం మాత్రం ఈ రాత్రికే పెట్టేయండి.