చెన్నైలో సొంత పడవ కట్టుకోడానికి ఒక్క గుంజ కూడా లేదు. అందరి రేవు కావాలా, వద్దా?

ఓఎమ్మార్ తెడ్డు (చర్చ మొదలుపెట్టింది)

మాది కాకినాడ. ఉద్యోగం, కాపురం షోళింగనల్లూరులో. పోయినేడాది ఒక కయాక్ కొన్నాను. ఇద్దరు పట్టే చిన్న పడవ, మోటారు ఉండదు, తెడ్డు వేసుకోవడమే. మొన్న ఆదివారం దాన్ని కారు మీద కట్టుకుని ఈసీఆర్ మీద, అంటే సముద్రం పక్కన పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద, ఒక బోటింగ్ చోటికి వెళ్ళాను. పేరు చెప్పను. గేటు దగ్గరే ఆపేశారు, బయటి పడవలు దింపకూడదట. టికెట్ కొంటానన్నాను. "టికెట్ మా పడవ ఎక్కడానికి సార్, మీ పడవ దింపడానికి కాదు" అన్నాడు గేటు కుర్రాడు. మర్యాదగానే అన్నాడు, పాపం.

కాస్త ముందుకెళ్ళి గట్టు మీంచి దింపుకున్నాను. గంటన్నర తిరిగాక ఒడ్డుకొచ్చి టీ తాగుదామంటే పడవ కట్టడానికి ఏమీ లేదు. ఒక సర్కారు తుమ్మకి కట్టేసి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి తాడు ఉంది, తెడ్డు లేదు. చేతులతో నీళ్ళు తోసుకుంటూ కారు దాకా వచ్చాను. నవ్వుకోండి, పర్లేదు.

పడవ కొనగల పెద్దవాళ్ళకి క్లబ్బులున్నాయి. అడయారు నది మీద మద్రాస్ బోట్ క్లబ్ 1867 నాటిది, హార్బర్లో రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ 1911 నాటిది. వల వేసేవాళ్ళకి ఇసుక ఉంది. మిగిలిన జనానికి టికెట్ తప్ప ఏముంది? ఈసీఆర్ మీదే ముట్టుకాడు వెనక జలాల్లో పర్యాటక సంస్థ బోట్ హౌస్ 1984 నుంచి నడుస్తోంది, నడవనివ్వండి. దాని పక్కనో, ఇంకో చోటో నాలుగు గుంజలు, ఒక బల్ల, నీళ్ళలోకి దిగే ఏటవాలు ఒకటి. ఎవరైనా వచ్చి రెండు గంటలు పడవ కట్టుకుని వెళ్ళేలా. ఇది మరీ గొంతెమ్మ కోరికా?

మైలాపూరు మావయ్య

ఊళ్ళో స్కూటర్‌కే పార్కింగ్ దొరకదు. పడవకి పార్కింగా! కానివ్వండి.

అడయారు అమ్మమ్మ

బాబూ, నీ తెడ్డు పోయినందుకు బాధగానే ఉంది. అయినా నేను ఒప్పుకోను. 2011 డిసెంబరు 25న పులికాట్‌లో ఏమైందో నీకు గుర్తుందో లేదో. పండగ పూట షికారుకని చేపల పడవ ఎక్కారు, 22 మంది పోయారు. ఆ పడవ మనుషుల్ని తిప్పడానికి కట్టింది కాదు. తర్వాత మన వైపు 2017 నవంబరులో కృష్ణలో, పవిత్ర సంగమం దగ్గర. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదాట్లో 77 మంది ఎక్కిన పడవ. ఆ రోజు టీవీ ముందునుంచి లేవలేకపోయాను, మా పిన్ని కొడుకు ఆ వారమే పాపికొండలు వెళ్తానన్నాడు.

గేటు ఉన్న చోట కనీసం లైఫ్ జాకెట్ తొడిగేవాడు ఒకడుంటాడు. గేటు తీసేసి ఎవరైనా రండి అంటే, నీలాంటి బుద్ధిమంతుడు ఒకడు వస్తే, సీసాలతో వచ్చేవాళ్ళు పదిమంది వస్తారు.

ఓఎమ్మార్ తెడ్డు

అమ్మమ్మగారూ, మీ భయం నిజమే. కానీ మీరు చెప్పిన మూడూ డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకున్న పడవలు. కచ్చులూరు పడవ నడిపింది కూడా టికెట్ అమ్మినవాళ్ళే. నేనడిగేది జనాన్ని తిప్పే వ్యాపారం కాదు. వాడి పడవ, వాడి ప్రాణం, వాడి జాకెట్. దిగడానికీ ఆగడానికీ కాస్త చోటు, అంతే.

బేసిన్ బ్రిడ్జి మనవడు

ఈ ఊళ్ళో అందరి రేవు లేదని మీరంటుంటే నాకు నవ్వూ వస్తోంది, ఏడుపూ వస్తోంది. ఒకప్పుడు మద్రాసుకి రావడమే నీళ్ళ మీద. 1806లో కాక్రేన్ దొర మద్రాసు నుంచి ఎన్నూరు దాకా ఉప్పునీటి కాలువ తవ్వించాడు. తర్వాత ముక్కలు ముక్కలుగా ఉత్తరానికి పెరిగింది. ధాత కరువులో, అంటే 1876-78లో, కూలి కోసం వచ్చిన జనంతో కూవం నదికీ అడయారు నదికీ మధ్య ముక్క తవ్వించి కలిపారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ కాబట్టి ఆ పేరు పడింది. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా దాదాపు 420 కిలోమీటర్లు, అందులో 257 ఆంధ్రలోనే.

మా తాతది గూడూరు వైపు. ఆయన పడవ కట్టెలూ ధాన్యమూ తెచ్చేది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద ఇద్దరు తాడు పట్టి లాగడం, లోతు తక్కువైతే గడ. బేసిన్ బ్రిడ్జి అనే పేరులో ఉన్న బేసిన్ ఏమిటనుకున్నారు? పడవలు ఆగే మడుగు. ఇవాళ ఆ పేరు రైలు లేటైనప్పుడు తప్ప ఎవరికీ గుర్తుండదు. తాత చెప్పేవాడు, అక్కడ గుంజ ఎవడిదీ కాదట. సరుకు దింపినవాడు తాడు విప్పాలి. విప్పకపోతే వెనక పడవ సరంగు నోటికి ఎంతొస్తే అంత తిట్టేవాడు. తిట్లకి భయపడి విప్పేవాళ్ళట. సుంకం కట్టేది లాకుల దగ్గర, గుంజ దగ్గర కాదు.

రైలూ లారీలూ వచ్చి బేరం తగ్గింది, అరవైల్లో వచ్చిన తుఫాన్లు, 1976 తుఫాను కాలువని చంపేశాయి. మిగిలిన దాంట్లో ఊరి మురుగు వదిలి, నడి ఊళ్ళో ఎమ్మార్టీఎస్ లోకల్ రైలు వంతెన స్తంభాలు పాతారు. 2008లో దీన్నే నాలుగో నంబరు జాతీయ జలమార్గంలో కలిపారు. కాగితం మీద మాత్రం కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా మీ కయాక్ తోసుకుంటూ పోవచ్చు, తెడ్డు బాబుగారూ.

కుప్పం కుర్రాడు

అన్నలందరికీ దండం. మాది చేపలు పట్టే కుటుంబం. కుప్పం అంటే ఇక్కడ జాలరిపేట, చిత్తూరు వైపు ఊరు కాదు. ఇంట్లో తెలుగు, బయట తమిళం. కాసిమేడులో పుట్టాను, ఇప్పుడు ముట్టుకాడు పక్కనున్న కోవళం వైపు ఉంటున్నాను.

తెడ్డన్న "వల వేసేవాళ్ళకి ఇసుక ఉంది" అని ఒక ముక్కలో తేల్చేశాడు. ఎక్కడుందన్నా? 2023 ఏప్రిల్‌లో నొచ్చికుప్పం లూప్ రోడ్డు మీద ఏం జరిగిందో చూశావు కదా. చేపలమ్మే అక్కల బుట్టలు ఎత్తేయడానికి వచ్చారు. ఆ ఒడ్డున రోడ్డు కంటే ముందు మా పడవలున్నాయి. పడవ అంటే నీళ్ళలో ఉండేదే కాదు. ఒడ్డున ఫైబర్ బోటు పెట్టాలి, ఇంజన్ విప్పాలి, వల ఆరేయాలి, చిరిగింది కుట్టాలి. చూసేవాళ్ళకి అది ఖాళీ ఇసుక. ఖాళీ అని మొదట ఒక బల్ల వేస్తారు, తర్వాత కుర్చీలు, తర్వాత రిసార్ట్, ఆ తర్వాత మేము చేపల వాసన వస్తున్నామంటారు.

నీళ్ళలో కూడా అంతే. వెనక జలాల్లో మోకాలి లోతులో దిగి చేత్తో రొయ్యలు తడిమి పట్టేవాళ్ళు ఉన్నారు, ఇరుళర్ గిరిజనులు. స్పీడ్ బోటు ఒక్కసారి పోయిందంటే అలకి వాళ్ళ కుండ తిరగబడుతుంది. వాళ్ళని ఏ చర్చలోనూ ఎవరూ అడగరు. ఇక్కడ కూడా నేను చెప్పేదాకా ఎవరూ అనలేదు.

రేవు వద్దనడం లేదు. ఎవరి చేతిలో ఉంటుందో చెప్పి తర్వాత అడగండి.

ఓఎమ్మార్ తెడ్డు

తమ్ముడూ, ఆ ముక్క అనకుండా ఉండాల్సింది. ఒప్పుకుంటున్నాను.

వేళచ్చేరి బర్మింగ్‌హామ్

నాలుగేళ్ళు బర్మింగ్‌హామ్‌లో ఉండొచ్చాను. ఆ ఊరి నిండా కాలువలే. అక్కడి పద్ధతి చెప్తాను, గొప్ప అని కాదు, ఒక లెక్క ఉందని. ఇంగ్లండ్, వేల్స్ కాలువల్లో ఎక్కువ భాగం 2012 నుంచి ఒక ట్రస్టు చేతిలో ఉన్నాయి. ఊరి నడిమధ్య గట్టున చూడొచ్చిన పడవల కోసం కొంత జాగా వదిలి, బోర్డు పెడతారు: ఇక్కడ 24 గంటలు, అక్కడ 48, ఇంకోచోట 14 రోజులు. ఆ గడువు దాకా మామూలుగా విడిగా డబ్బు ఉండదు, పడవ లైసెన్సులోనే వస్తుంది. గడువు దాటితే, నేనున్నప్పుడు కొన్నిచోట్ల రోజుకి 25 పౌండ్లు. సొంత రేవు లేని పడవ ఎక్కడా 14 రోజులకి మించి ఉండకూడదని 1995 చట్టంలోనే ఉంది.

అక్కడా గొడవలు లేవనుకోకండి. అద్దెలు కట్టలేక పడవలోనే కాపురముండేవాళ్ళు బోలెడు మంది. గడువు కాగానే కదలమంటే పిల్లల బడి ఏమవ్వాలని వాళ్ళు. ఎప్పుడొచ్చినా అవే పడవలు, మాకు చోటు లేదని సెలవుల్లో వచ్చేవాళ్ళు. ఊరివాళ్ళకేమో పొగ, జనరేటర్ చప్పుడు. బేసిన్ బ్రిడ్జి తాతగారి తిట్టు అక్కడ జరిమానా అయింది, తేడా అంతే.

మైలాపూరు మావయ్య

జరిమానా కంటే తిట్టే చవక.

కోనసీమ లంక

నేను ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర పనిచేస్తాను, ఊరు మాత్రం లంక గ్రామం. రేవు నిర్వహణ అంటే మాకు చిన్నప్పటినుంచి తెలిసింది ఒక్కటే, రేవు పాట. ఏటా వేలం వేస్తారు, ఎక్కువ పాడినవాడిది రేవు. వాడు పెట్టింది తిరిగి రాబట్టుకోవాలి కదా. మనిషికింత, సైకిల్‌కింత, గేదెకింత. మా నాన్న సొంత నావలో సొంత అరటిగెలలు దాటించినా రేవు డబ్బు ఇవ్వాల్సొచ్చేది. బల్లకట్టు చెక్క విరిగిందంటే మాత్రం "వచ్చే పాటదారుడు వేయిస్తాడు" అనేవాడు.

అందుకని టెండరు పిలిచి కాంట్రాక్టరుకి ఇస్తే నిర్వహణ బాగుంటుందని ఎవరన్నా అంటే నాకు మంట. రేవు మీద లాభం చూసుకునేవాడికి ఉచితంగా పడవ కట్టేవాడు శత్రువే. తెడ్డు గారిని గేటు దగ్గర ఆపింది కూడా ఆ లెక్కే అయ్యుంటుంది. గేటు కుర్రాడి తప్పు కాదు.

అడయారు అమ్మమ్మ

మరి కాంట్రాక్టరూ వద్దు, గేటూ వద్దంటే ఎవరు చూస్తారు? ఎవరిదీ కానిది ఎవరూ ఊడవరు. మెరీనా పొద్దున్నే వెళ్ళి చూడండి.

రిటైర్డ్ నీళ్ళ ఇంజనీరు

ముప్ఫై ఏళ్ళు నీళ్ళ పనుల్లోనే గడిపాను. హక్కుల సంగతి మీరు తేల్చుకోండి. నేను మట్టి సంగతి చెప్తాను.

ముట్టుకాడు లాంటి చోట నాలుగు గుంజలు అంటే విన్నంత తేలిక కాదు. సముద్రంలో కలిసే మూతి దగ్గర ఇసుక అడ్డం పడుతుంది. ఎండాకాలం అది మూసుకుంటే ఆటుపోట్లు లోపలికి రావు, నీరు తగ్గి రేవు ముందు బురద తేలుతుంది. ఈశాన్య రుతుపవనాలకి ముందు ఇసుక తవ్వి మూతి తెరవాలి. తెరిచాక ఒక్క పెద్ద వాన పడిందంటే నీళ్ళు గంటల్లో పెరుగుతాయి. కదలని కాంక్రీటు మెట్టు కడితే ఆరు నెలలు నీటికి అందదు, రెండు నెలలు మునిగి ఉంటుంది. తేలే బల్ల కావాలి, గుంజల చుట్టూ రింగులతో నీటితోపాటు పైకీ కిందకీ జారేది. పడవ తాడు బల్లకే కట్టాలి. గుంజకి బిగించి కట్టి వెళ్తే నీరు పెరిగినప్పుడు పడవ ముక్కు మునుగుతుంది. తుమ్మ చెట్టుకి కట్టినా అంతే బాబూ, తెడ్డుతో పోయింది.

కట్టడం ఒకసారి ఖర్చు. రింగులకి తుప్పు, బల్లకి నాచు, పూడిక, దీపం, మరుగుదొడ్డి, ఇవి ప్రతి ఏడాదీ ఉంటాయి. ఎవరు నడుపుతారన్న ప్రశ్నకి అర్థం, ఏప్రిల్‌లో పూడిక తీసే డబ్బు ఎవరి పద్దులో ఉంటుందన్నది. ఆ పద్దు రాయకుండా రిబ్బన్ కత్తిరించిన మెట్లు నా సర్వీసులో చాలా చూశాను. అందులో రెండు నేనే కట్టించాను.

ఇంకొకటి. 2021 నాటి లోతట్టు నౌకల చట్టంలో మోటారు లేని పడవల నమోదు స్థానిక సంస్థల దగ్గర జరగాలని ఉంది. అంటే తెడ్డు పడవల వరకూ పంచాయతీకి వేలు పెట్టే దారి ఉంది. మోటారు పడవలకి రిజిస్ట్రేషనూ సర్వేలూ వేరే. కాబట్టి మొదటి రేవు మోటారు లేని వాటికే పెట్టండి. అలలు రావు, డీజిల్ కారదు, అమ్మమ్మగారి సీసాల బ్యాచ్ తెడ్డు వేసే కష్టం పడదు.

బేసిన్ బ్రిడ్జి మనవడు

ఇంజనీరు గారూ, ఆ చివరి మాటకి దండం. నాదొక్క సవరణ. రేవు చూసే పని కుప్పం వాళ్ళకే ఇవ్వండి, జీతానికి. పాటకి కాదు.

కుప్పం కుర్రాడు

జీతం అంటే ఆలోచిస్తాం. కుప్పంలో పెద్దలున్నారు, వాళ్ళు ఒప్పుకోవాలి. మేమైతే టైము కూడా చెప్తాం. తెల్లారేముందు నుంచి తొమ్మిది దాకా రేవు వేటకెళ్ళి వచ్చే పడవలది. తర్వాత సాయంత్రం దాకా మీరు కట్టుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, పెద్ద మరబోట్లు బయటికి పోవు. వాటి మీద పనిచేసే మావాళ్ళు ఆ రెండు నెలలూ ఖాళీయే. మీ తేలే బల్లకి తుప్పు గీకే పని అప్పుడు పెట్టుకోండి. రొయ్యలు పట్టేవాళ్ళ వైపు మాత్రం ఏ పడవా పోకూడదు. అది మాతో కాదు, వాళ్ళతో మాట్లాడి గీత గీయాలి.

అడయారు అమ్మమ్మ

జాకెట్ లేనివాణ్ణి ఈ అబ్బాయి తాడు విప్పనివ్వనంటే నాకు అభ్యంతరం లేదు. రాసి పెట్టుకోండి, ఒప్పుకున్నది అంతవరకే.

వేళచ్చేరి బర్మింగ్‌హామ్

రెండు గంటలు చాలవు కానీ, సరే. నాలుగు చేయండి. టీ తాగి, భోంచేసి రావాలి కదా.

కుప్పం కుర్రాడు

మూడు. నాలుగైతే నిద్రపోతారు.

తెడ్డన్నా, నీ తెడ్డు ఏ రంగు?

ఓఎమ్మార్ తెడ్డు

పసుపు. ఒక కొసన నల్ల టేపు చుట్టి ఉంటుంది. ఎందుకు?

కుప్పం కుర్రాడు

మా పక్కవీధి పిల్లలు దాంతో క్రికెట్ ఆడుతున్నారు. కొట్టుకొచ్చిందన్నారు, నేనూ నమ్మాను. ఆదివారం తొమ్మిది దాటాక రా, ఇప్పిస్తాను. వాళ్ళకి ఒక బ్యాటు పట్టుకురా.