తక్కువ బరువు పిల్లల్లో పొగాకు మేలు చేస్తున్నట్టు రిజల్ట్ వస్తోంది. థీసిస్‌లో ఏం రాయాలి?

పీజీ_రెండో_ఏడు:

అందరికీ నమస్కారం. కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేస్తున్నాను. కడుపుతో ఉన్నప్పుడు తల్లి పొగాకు వాడకానికీ, పుట్టిన 28 రోజుల్లోపు శిశు మరణాలకీ ఉన్న సంబంధం నా థీసిస్. డేటా అంతా కాన్పుల రికార్డుల్లోంచి తీసిందే.

మామూలుగా చూస్తే పొగాకు వాడిన తల్లుల పిల్లల్లో మరణాలు ఎక్కువే ఉన్నాయి. అక్కడిదాకా బాగానే ఉంది. మా గైడ్ గారేమో "బర్త్ వెయిట్‌కి అడ్జస్ట్ చెయ్యకపోతే ఎవరొప్పుకుంటారమ్మా" అన్నారు. అంటే పిల్లల బరువుల్లో తేడాని లెక్కలో సరిచేసి పోల్చాలని. లెక్కల మోడల్‌లో బరువు పెట్టగానే పొగాకు ప్రభావం దాదాపు మాయమైపోయింది. సరే కదా అని 2500 గ్రాముల లోపు పిల్లల్ని విడదీసి చూస్తే ఇంకా వింత. వాళ్ళలో పొగాకు వాడిన తల్లుల పిల్లలే తక్కువ చనిపోయారట! ఆడ్స్ రేషియో (రెండు గుంపుల ముప్పుని పోల్చే అంకె) ఒకటి కన్నా కిందికి దిగింది, అంటే ముప్పు తక్కువని. కోడింగ్‌లో సున్నా, ఒకటి తారుమారయ్యాయేమోనని చూశాను. కాలేదు.

వైవాలో ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్) "అయితే గర్భిణులకి పొగాకు రాసిస్తావా?" అంటే నా దగ్గర జవాబు లేదు. ఈ టేబుల్ తీసెయ్యనా? ఉంచితే కింద ఏమని రాయాలి?

లెక్కల_టీచరమ్మ:

తీసెయ్యకండి డాక్టరమ్మా. మీ థీసిస్ మొత్తంలో ఎక్స్‌టర్నల్ నిద్రపోకుండా చదివే పేజీ అదొక్కటే కావచ్చు.

పీజీలకి బయోస్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనదాన్ని. "బరువుకి అడ్జస్ట్ చెయ్" అన్న మాట స్టాఫ్ రూమ్‌లో "కాఫీ తాగారా" కన్నా ఎక్కువసార్లు విని ఉంటాను. ఎందుకు చెయ్యాలో అడిగితే మాత్రం "అందరూ చేస్తారు కదండీ" అనేవారు.

ముందు మీరు స్థిమితపడండి. ఇది మీ ఒక్కరి డేటాలో పుట్టిన వింత కాదు. 1960ల్లోనే కాలిఫోర్నియా కాన్పుల లెక్కల్లో యెరూషాల్మీ అనే గణాంకవేత్తకి సరిగ్గా ఇదే కనిపించింది. తక్కువ బరువుతో పుట్టిన వాళ్ళలో, పొగ తాగే తల్లుల పిల్లలే ఎక్కువ బతికారు. ఆయనకి అసలు పొగాకే హాని చేస్తోందా అన్న అనుమానం వచ్చింది, 1971లో ఆ అనుమానాన్ని అచ్చులోనూ పెట్టాడు. దీనికే బర్త్ వెయిట్ పారడాక్స్ అని పేరు. 2006లో హెర్నాండెజ్-డియాజ్, ఆమె సహచరులు అమెరికాలో 1991లో పుట్టిన పిల్లల రికార్డులు తీసి చూశారు. పిల్లలందర్నీ కలిపి చూస్తే పొగ తాగే తల్లుల పిల్లల్లో ఏడాదిలోపు మరణాలు 1.55 రెట్లు. తక్కువ బరువు వాళ్ళని మాత్రమే చూస్తే 0.79 రెట్లే. అచ్చం మీ టేబులే కదూ?

ఇప్పుడు ఎందుకిలా అవుతుందో చూడండి. కింద అంకెలు లెక్క కోసం నేను కల్పించినవి, ఎక్కడా కోట్ చెయ్యకండి.

పొగాకు వాడని తల్లులు 1000 మంది అనుకుందాం. వాళ్ళ పిల్లల్లో 50 మంది తక్కువ బరువుతో పుట్టారు. కారణాలన్నీ గట్టివే: పుట్టుకతో వచ్చిన లోపాలు, గర్భంలో ఇన్‌ఫెక్షన్, అలాంటివి. ఆ 50 మందిలో 20 మంది దక్కలేదు, అంటే నూటికి 40. ఇప్పుడు పొగాకు వాడిన తల్లులు 1000 మందిని తీసుకోండి. ఆ గట్టి కారణాలున్న పిల్లలు ఇక్కడా 50 మందే, మరణాలూ 20. వీళ్ళు కాక, కేవలం పొగాకు వల్ల బరువు తగ్గిన పిల్లలు ఇంకో 100 మంది, వాళ్ళలో 5 మంది పోయారు. తక్కువ బరువు పిల్లలు మొత్తం 150, మరణాలు 25. నూటికి పదిహేడు కూడా లేవు.

40 ఎక్కడ, 17 ఎక్కడ! చూసిన వాళ్ళు పొగాకు కాపాడిందంటారు. కానీ మొత్తం వెయ్యిమందికీ లెక్కేస్తే అక్కడ 20 మంది పోయారు, ఇక్కడ 25 మంది. పొగాకు ఎవర్నీ కాపాడలేదు. ఐదుగురిని అదనంగా చంపింది, పైగా తక్కువ బరువు గుంపులోకి కాస్త గట్టి పిల్లల్ని తెచ్చి కలిపి అక్కడి సగటుని మార్చేసింది. మీరు ఆ గుంపు గుమ్మంలో నిలబడి లోపలివాళ్ళనే లెక్కపెట్టారు.

గైడ్ గారికి చెప్పాల్సింది కూడా ఇక్కడే ఉంది. కన్ఫౌండర్ అంటే పొగాకు వాడకానికి ముందే ఉండి, దాన్నీ మరణాన్నీ రెండింటినీ ప్రభావితం చేసేది: తల్లి వయసు, చదువు, ఇంటి ఆర్థిక స్థితి, ఇదివరకటి కాన్పులు. వీటికి అడ్జస్ట్ చెయ్యండి, కాదనను. బిడ్డ బరువు అలా కాదు. అది పొగాకు తర్వాత వచ్చేది, పొగాకు చేసే హానిలో కొంత బరువు మీదుగానే వెళ్తుంది. దాన్ని మోడల్‌లో పెడితే ఆ దారి మూసేసి "ఎవరూ రాలేదే" అన్నట్టే. పైగా మీ రిజిస్టర్‌లో రాయని లోపాలూ ఇన్‌ఫెక్షన్లూ బరువునీ మరణాన్నీ రెండింటినీ లాగుతుంటాయి, కాబట్టి లేని సంబంధం ఒకటి కొత్తగా పుట్టుకొస్తుంది. కొలైడర్ బయాస్ అనేది అదే.

గైడ్ గారితో నోటిమాటగా వాదించకండి. కాగితం మీద నాలుగు పదాలు రాసి బాణాలు గీసి ముందు పెట్టండి: పొగాకు, బరువు, మరణం, మనం కొలవని జబ్బు. బాణం ఏ వైపు గియ్యాలో ఆయన్నే అడగండి. బరువు నుంచి పొగాకు వైపు ఆయన కూడా గియ్యలేరు.

ఇంకో సంగతి, ఇది నాకిష్టమైనది. విల్కాక్స్ అనే పరిశోధకుడు అమెరికాలోని కొలరాడోలో ఎత్తైన ప్రదేశాల కాన్పులు చూశాడు. ఆ ఎత్తులో పిల్లలు తేలిగ్గా పుడతారు, అయినా మొత్తం మరణాలు పెరగవు. బరువు తగ్గించేదల్లా ప్రాణం తియ్యదు. అది తెలిశాక "తక్కువ బరువు" అనేది ఒకే జబ్బు అన్నట్టు మాట్లాడటం నేను మానేశాను.

లేబర్_రూమ్_సిస్టర్:

మోడళ్ళ సంగతి నాకు తెలీదు మేడమ్, కానీ ఆ 2500 గీత గురించి చెప్పాలి. డాక్టర్ గారూ, మీ బరువుల కాలమ్ ఒకసారి గ్రాఫ్ గీయండి. 2000, 2500, 3000 దగ్గర గోపురాల్లా లేస్తాయి. పిల్లలు అలా రౌండ్ ఫిగర్లో పుట్టరు, మేమే అలా రాస్తాం. ముల్లు ఉన్న పాత త్రాసైతే మరీనూ. ఒకేసారి మూడు కాన్పులవుతున్నప్పుడు 2460 అని ఎవరు రాస్తారు చెప్పండి, "రెండున్నర" అంటే రెండున్నరే.

తక్కువ బరువంటే 2500 కన్నా తక్కువ. సరిగ్గా 2500 రాసినవాళ్ళంతా మీ లెక్కలో నార్మల్‌లోకి పోతారు, వాళ్ళలో కొందరు నిజానికి గీత కింది వాళ్ళు. ఎప్పుడు తూచారో కూడా చూడండి. పుట్టిన గంటలోపు తూచాలి. మొదటి రోజుల్లో బిడ్డ బరువు కొంత తగ్గడం మామూలే కదా, మర్నాడు తూచిన బిడ్డని గంటలో తూచిన బిడ్డ పక్కన పెడితే ఎలా?

తూచని పిల్లలు కూడా ఉంటారు. పుట్టగానే ఏడవని బిడ్డని ముందు త్రాసు మీద పెట్టం, ఊపిరి అందించే అంబూ బ్యాగ్ పడతాం. ఆ బిడ్డ దక్కకపోతే బరువు గడి ఖాళీగానే ఉండిపోతుంది.

నియోనేటల్_రెసిడెంట్:

టీచరమ్మ గారితో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్కచోట తప్ప. మాకు బరువు అక్కర్లేదన్నట్టు చదివేవాళ్ళకి అనిపించొచ్చు. ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ)లోకి 1400 గ్రాముల బిడ్డ వస్తే, ఈ బిడ్డకి ముప్పెంత అని అంచనా వెయ్యడానికి బరువు, నెలలు రెండూ కావాల్సిందే. 1500 లోపు, 1000 లోపు అని విభజించేది అందుకే. పొగాకు ఎంత హాని చేస్తుందన్నది వేరే ప్రశ్న. ఒకటి ముందేం జరగబోతుందో చెప్పమంటుంది, రెండోది దేనివల్ల జరిగిందో అడుగుతుంది. థీసిస్ శీర్షికలో ఏ ప్రశ్న ఉందో దాన్నిబట్టి మోడల్.

ప్రీఎక్లాంప్సియా (గర్భిణికి బీపీ పెరిగే జబ్బు)లోనూ ఇదే వస్తుంది. నెలలు నిండని పిల్లల్ని మాత్రమే తీసుకుంటే ఆ తల్లుల పిల్లలు మిగతావాళ్ళకన్నా నయంగా కనిపిస్తారు. అక్కడ వాళ్ళని పోలుస్తున్నది ఆరోగ్యంగా ఉన్న పిల్లలతో కాదు, ఇన్‌ఫెక్షన్ వల్లో మరే కారణం వల్లో ముందే పుట్టినవాళ్ళతో.

లెక్కల_టీచరమ్మ:

రెసిడెంట్ బాబు చెప్పింది నిజం, ఆ తేడా నేను రాయాల్సింది. సిస్టర్ గారూ, మీరు చెప్పిన గోపురాలకి మేం హీపింగ్ అంటాం. యూనిసెఫ్ సర్వే అంచనాల్లో సరిగ్గా 2500 అని రాసిన వాళ్ళలో నాలుగోవంతు మందిని తక్కువ బరువు కింద వేసుకునే పద్ధతి కూడా ఉండేది. లేబర్ రూమ్ సంగతి తెలిసినవాళ్ళు పెట్టిన సర్దుబాటే అయ్యుంటుంది.

పీజీ_రెండో_ఏడు:

అందరికీ చాలా థాంక్స్. గైడ్ గారి దగ్గర బాణాలు గీశాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "రెండు మోడళ్ళూ పెట్టు, ఏది దేనికో రాయి" అన్నారు. గ్రాఫ్ కూడా గీశాను, సిస్టర్ గారు చెప్పినట్టే గోపురాలు!

రెండు సందేహాలు మిగిలాయి. బరువు తీసేస్తే గర్భం వారాలు పెట్టొచ్చా? బరువు ఖాళీగా ఉన్న కేసుల్ని డ్రాప్ చేసేశాను, పర్వాలేదా?

లెక్కల_టీచరమ్మ:

వారాలకీ అదే గొడవ. పొగాకు వల్ల 37 వారాల లోపే కాన్పు కావచ్చు, కాబట్టి అదీ దారిలోనే ఉంది. ముఖ్యమైన మోడల్‌లో వద్దు. రెండో టేబుల్‌లో పెట్టుకోండి, వారాలు ఎలా లెక్కేశారో కింద రాయండి. మొదటి మూడు నెలల స్కాన్‌తో లెక్కేసిన వారాలూ, నెలసరి తేదీ గుర్తుచేసుకుని చెప్పిన వారాలూ ఒకే కాలమ్‌లో కలిపెయ్యకండి.

డ్రాప్ చేసిన కేసుల సంగతి మాత్రం అర్జెంటు. మీ ముఖ్యమైన మోడల్‌కి బరువే అక్కర్లేదు కదా, మరి బరువు లేదని వాళ్ళని ఎందుకు తీసేశారు? వెంటనే తిరిగి కలపండి. తర్వాత బరువు ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అని రెండు గుంపులు చేసి మరణాలు విడివిడిగా లెక్కపెట్టండి. సిస్టర్ గారు చెప్పినట్టే ఉంటే ఖాళీ గడుల గుంపులో మరణాలు చాలా ఎక్కువగా కనిపిస్తాయి. ఆ లెక్కని మొదటి టేబుల్లోనే పెట్టండి, ఫుట్‌నోట్‌లో కాదు. తూచని పిల్లల తల్లుల్లో పొగాకు వాడినవాళ్ళు ఎంతమందో కూడా చూసి ఇక్కడ చెప్పండి, అంకె వచ్చాక మాట్లాడుకుందాం.