వేడెక్కాక దమ్ము పోతున్న ఎం35ఏ2: హైడ్రాలిక్ హెడ్డా, ఎఫ్‌డీసీనా?

మిలిటరీ వేలంలో వచ్చే రెండున్నర టన్నుల ఎం35ఏ2 ట్రక్కు, ఎల్‌డీటీ-465 మల్టీఫ్యూయల్ (రకరకాల ఇంధనాలతో నడిచే) టర్బో ఇంజన్. చల్లగా ఉన్నప్పుడు మొదటి తిప్పుడుకే స్టార్ట్ అవుతుంది, 2600 ఆర్‌పీఎం దాకా హాయిగా లేస్తుంది. లోడుతో 25 నిమిషాలు నడిచాక ఎత్తు ఎక్కేటప్పుడు 1800 దాటదు. నల్ల పొగ అస్సలు రాదు. అంటే గాలి కొరత కాదు, డీజిలే తక్కువ అందుతోంది. అరగంట ఆపితే మళ్లీ మామూలే.

ఫిల్టర్లు మూడూ మార్చాను, డీజిల్ లైన్లలో చేరిన గాలి తీశాను. ట్యాంకులోని పంపుకి 24 వోల్టులు అందుతున్నాయి, ధార బలంగానే ఉంది. ట్యాంకు మూత తీసి నడిపినా తేడా లేదు. క్యాబిన్ పైన డీజిల్ డబ్బా పెట్టి, గొట్టాన్ని నేరుగా ఫిల్టర్లకి కలిపినా అదే వరస. కాబట్టి ట్యాంకు, దాని లైన్లు లెక్కలోంచి పోయాయి. స్టాప్ కేబుల్ లివర్ పూర్తిగా రన్ వైపే ఉంది (చాలామంది ముందు అదే అడుగుతారు).

ఒక్కటి మాత్రం ఆలోచనలో పడేసింది. డీజిల్‌లో పదో వంతు ఇంజన్ ఆయిల్ కలిపితే, 25 నిమిషాలకి రావాల్సిన జబ్బు 40కి వస్తోంది. వేడికి పల్చబడ్డ డీజిల్ ఎక్కడో లోపలే జారిపోతున్నట్టుంది. హైడ్రాలిక్ హెడ్ (ఇంజెక్షన్ పంపులో డీజిల్‌ని ఒత్తిడితో సిలిండర్లకి పంచే భాగం) ప్లంజర్ అరిగిందేమో, లేకపోతే ఇంధన సాంద్రతను బట్టి డీజిల్ సర్దే ఎఫ్‌డీసీ (ఫ్యూయల్ డెన్సిటీ కాంపెన్సేటర్) ఇరుక్కుందేమో.

ఇంజెక్షన్ పంపు ఇంజన్ మీద ఉండగానే, ఈ రెండిట్లో తప్పు దేనిదో తేల్చే పరీక్ష ఏమిటి?